చలి సరస్సులో చారల చేప

పిల్లలూ! పోయిన నెల మనం చలికాలంలో దేశాలు దాటి వచ్చే పక్షుల సంగతి చెప్పుకున్నాం. ఈ నెల నీళ్ళలోకి దిగుదాం. అయితే ఇవి మన గోదావరి నీళ్ళు కావు, కృష్ణ నీళ్ళు కావు. అమెరికాలో ఒక సరస్సు నీళ్ళు. అదీ జనవరి నెలలో. వేలు ముంచితే జివ్వుమని వెనక్కు లాక్కుంటారు. అటువంటి నీటి మీద తెల్లవారకముందే పడవ వేసుకుని, బతికి ఉన్న చిన్న చేపను ఎరగా పెట్టి పెద్ద చేపను పట్టేవాళ్ళు ఉన్నారు. ఆ పెద్ద చేప పేరు స్ట్రైప్డ్ బాస్. మనం చారల చేప అందాం. వెండి లాంటి ఒంటి మీద, మొప్పల దగ్గర నుంచి తోక దాకా, రూళ్ళ కర్రతో గీసినట్లు ఏడెనిమిది నల్లని చారలు ఉంటవి.

ముందొక తమాషా చెప్పాలి. ఈ చేప అసలు సరస్సు చేప కాదు, సముద్రపు చేప!

గోదావరి జిల్లాల పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పులస ఏం చేస్తుంది? సముద్రంలో పెరిగి, వరదలు రాగానే ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చి గుడ్లు పెడుతుంది. చారల చేపదీ అదే అలవాటు. అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున తిరుగుతూ ఉండి, వసంతకాలం రాగానే నదుల్లోకి ఎక్కి గుడ్లు పెట్టి, మళ్ళీ సముద్రానికి పోతుంది. ఒకప్పుడు ఆ తీరంలో ఇవి ఎంత విస్తారంగా దొరికేవంటే జనం పొలాలకు ఎరువుగా వేసేవాళ్ళు. తినవలసిన చేపను మట్టిలో కలపవద్దని 1639లోనే మసాచుసెట్స్ వలస రాజ్యంలో చట్టం చేశారు. 1670లో ప్లిమత్‌లో చారల చేపలు మొదలైన వాటి వేట మీద వచ్చే ఆదాయంతో ఒక ఉచిత పాఠశాల పెట్టారు. అంటే చేపలు పిల్లలకు జీతం కట్టి చదువు చెప్పించినవన్నమాట!

మరి సముద్రపు చేప సరస్సులోకి ఎట్లా వచ్చింది? దక్షిణ కరొలైనా రాష్ట్రంలో సాంటీ అని ఒక నది ఉన్నది. దానికి ఆనకట్ట కట్టి 1941 చివర నీరు నింపడం మొదలుపెట్టారు. మేరియన్, మౌల్ట్రీ అనే రెండు జలాశయాలు ఏర్పడినవి. సముద్రానికి తిరిగి పోవలసిన చారల చేపలు కొన్ని కట్టకు ఇవతలే ఉండిపోయినవి. ఉప్పునీరు లేక అవి చచ్చిపోవాలి గదా? చావలేదు. మంచినీటిలోనే తిని, పెరిగి, ఎగువ నదుల్లోకి ఎక్కి గుడ్లు కూడా పెట్టినవి. దానితో తక్కిన రాష్ట్రాల వాళ్ళకు ఆశ పుట్టింది. మా జలాశయాల్లోనూ వేసి చూద్దామన్నారు.

వేయడం సులువే, పిల్లలు పుట్టడమే కష్టం. ఈ చేప గుడ్డుకు ఒక చిక్కు ఉన్నది. అది గూటిలో పెట్టే గుడ్డు కాదు, నాచుకు అంటుకునే గుడ్డు కాదు. నది పారుతూ ఉంటే దానితోబాటు రెండు రోజుల పాటు కొట్టుకుపోతూ, దారిలోనే పొదిగి పిల్ల కావాలి. ప్రవాహం ఆగిందా, గుడ్డు నేలకు దిగి బురదలో కూరుకుని ఊపిరాడక పోతుంది. అందుకని చాలా జలాశయాల్లో ఏటేటా పిల్లలను పెంచి తెచ్చి వదలవలసిందే. ఆ బెడద లేని కొద్ది చోట్లలో ఒకటి టెక్సోమా సరస్సు. ఈ నెల మనం పోయేది అక్కడికే.

పేరు చూస్తేనే తెలుస్తుంది: సగం టెక్సాస్, సగం ఓక్లహోమా. ఆ రెండు రాష్ట్రాల సరిహద్దున రెడ్ రివర్ అనే ఎర్రనది మీద డెనిసన్ ఆనకట్ట 1944లో పూర్తి అయింది. డాలస్ నగరానికి ఉత్తరాన సుమారు 75 మైళ్ళు. డాలస్ చుట్టుపట్ల మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నవి గనక, ఈ పేజీ చదివే పిల్లల్లో కొందరికి ఆ సరస్సు తెలిసే ఉంటుంది. పడమటనున్న పాత ఉప్పు పొరల మీదుగా పారి రావటం వల్ల ఎర్రనది నీరు కొంచెం ఉప్పన. గుడ్లు కొట్టుకుపోవటానికి కావలసినంత పొడుగైన ప్రవాహమూ ఉన్నది. 1965 మొదలు సుమారు పదేళ్ళు చారల చేప పిల్లలను ఈ సరస్సులో వదిలారు. అవి పెరిగి తమంతట తామే పిల్లలు పెట్టసాగినవి. వాటి సంతతే ఇప్పటికీ అక్కడ ఉన్నది.

ఇక చలికాలమే ఎందుకు? వేసవిలో హాయిగా పోవచ్చు గదా?

వేసవిలో లోతైన సరస్సు రెండంతస్తుల మేడ వంటిది. పైన వేడినీరు, అది తేలిక. కింద చన్నీరు, అది బరువు. రెండూ కలవవు. కింది నీటికి గాలి సోకదు. ఉన్న కాస్త ప్రాణవాయువూ అడుగున కుళ్ళే ఆకులకూ అలములకూ సరిపోతుంది. పెద్ద చారల చేపకు చల్లని నీరూ కావాలి, ప్రాణవాయువూ కావాలి. పైకి వస్తే ఉడుకు, కిందికి పోతే ఊపిరాడదు. మధ్య ఇరుకులో ఎట్లాగో రోజులు వెళ్ళబుచ్చుతుంది. చలి మొదలవగానే పై నీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. మేడ మధ్య కప్పు తీసేసినట్లు నీరంతా ఏకమవుతుంది. అప్పుడు చేప ఎక్కడికి కావాలంటే అక్కడికి తిరుగుతుంది.

అయితే చేపకు మనలాగా ఒంట్లో కుంపటి లేదు. నీరు ఎంత చల్లనో దాని రక్తమూ అంత చల్లన. జనవరిలో టెక్సోమా నీరు తరచు 10 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగువనే ఉంటుంది. అప్పుడు చేపకు ఆకలి మందగిస్తుంది, పరుగు మందగిస్తుంది. వేసవిలోలాగా తళుకు బిళ్ళను చూసి అంత దూరం నుంచి దూకి రాదు. ముక్కు ముందర నిజమైన తిండి, నిజంగా కదులుతూ కనిపించాలి. చలికాలపు వేటలో బతికిన ఎరకు అంత విలువ అందుకే. పెద్ద చేపను పట్టడం సాయంకాలానికి మరచిపోవచ్చు గాని, చిన్న చేపను చావకుండా కాపాడటమే ఆ రోజంతా చేసే అసలు పని.

ఆ చిన్న చేప షాడ్. మన పులసకు దూరపు చుట్టం. రెండు రకాలు దొరుకుతవి. ఒక రకానికి కోడికి ఉన్నట్లు కందనకాయ ఉంటుంది, దానితో బురదలోని తిండిని నూరుకుంటుంది. రెండోది ఇంకా చిన్నది, చలికి మరీ ఓర్వలేనిది. నీరు 5, 6 డిగ్రీలకు దిగితే గుంపులు గుంపులుగా తేలిపోతుంది. అందుకని చలికాలంలో వేటగాళ్ళు కందనకాయ షాడ్‌నే నమ్ముకుంటారు.

వాటిని పట్టేది విసురు వలతో. అవును, మన పల్లెకారులు ఏటి గట్టున నిలబడి గుండ్రంగా విప్పి విసిరే వలే! అంచున సీసపు గుళ్ళు, నడుమ తాడు. అమెరికాలోనూ అదే వల, అదే విసురు. మంచి వేటగాడి వల నీటి మీద పూర్ణచంద్రుడిలా పడుతుంది, నేర్వనివాడిది అరటికాయలా పడుతుంది.

పట్టిన షాడ్‌ను మామూలు బక్కెట్టులో వేస్తే గంట తిరక్కుండా చస్తుంది. ఎందుకని? ఒకటి, షాడ్ ఆగి ఉండలేదు. ఈదుతూనే ఉండాలి. నలుచదరపు తొట్టిలో వేస్తే మూలలకు పోయి ముక్కు కొట్టుకుని ఎర్రగా పుండు చేసుకుంటుంది. కనక తొట్టి గుండ్రంగా ఉండాలి, గానుగెద్దులా తిరుగుతూ ఉంటుంది. రెండు, ప్రాణవాయువు. ఇక్కడ చలి మనకు సాయం చేస్తుంది. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువ ఇముడుతుంది. 30 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు పట్టుకుంటే, 10 డిగ్రీల నీరు 11 మిల్లీగ్రాములకు పైగా పట్టుకుంటుంది. అయినా చిన్న పంపుతో బుడగలు వదులుతూనే ఉంటారు. మూడు, చేపలు విసర్జించే అమ్మోనియా. అది పెరిగితే విషమే. అందుకని తొట్టిలో చేపలు కుక్కకూడదు.

నాలుగోది మీకు నచ్చుతుంది. తొట్టిలో ఉప్పు వేస్తారు! మంచినీటి చేపకు ఉప్పెందుకు? అమ్మ ఆవకాయకు మామిడి ముక్కలు కోసి ఉప్పు కలిపితే ఏమవుతుంది? ముక్కల్లోని నీరు ఊరి బయటకు వస్తుంది. నీరు ఎప్పుడూ ఉప్పు తక్కువ ఉన్న చోటినుంచి ఉప్పు ఎక్కువ ఉన్న చోటికి పోతుంది. మంచినీటి చేప ఒంట్లో బయటి నీటికంటె ఉప్పు ఎక్కువ. అందుచేత నీరు దానిలోకి చొరబడుతూనే ఉంటుంది, ఉప్పు మొప్పల గుండా కారిపోతూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చేప ఈ రెండింటినీ సర్దుకుంటుంది. వలలో పడి బెదిరి, పొలుసులు రాలిన చేప సర్దుకోలేదు. తొట్టి నీటిలో కాస్త ఉప్పు కలిపితే ఆ తేడా తగ్గి, దానికి ఆయాసం తగ్గుతుంది.

చిన్న చేపలను బతికించి తీసుకుపోవటంలో అమెరికావాళ్ళ అనుభవం ఈనాటిది కాదు. 1879లో న్యూజెర్సీలోని నవేసింక్ నదిలో చారల చేప పిల్లలను పట్టి, నీటి తొట్లలో పెట్టి, రైలులో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు కాలిఫోర్నియా చేర్చారు. దారి పొడుగునా నీరు మార్చుతూ, కలియబెడుతూ పోవలసిందే. బతికి చేరినవి నూట ముప్ఫై చిల్లర. 1882లో ఇంకో మూడు వందలు పంపారు. 1889కల్లా శాన్ ఫ్రాన్సిస్కో బజారులో చారల చేపలు అమ్మకానికి వచ్చినవి! నాలుగు వందల చిల్లర చేపల సంసారం అది.

సరే, ఎర సిద్ధం. పడవ ఎక్కుదాం. ఆగండి, ముందు తేలుడు చొక్కా తొడుక్కోండి. టెక్సాస్‌లో చిన్న పడవ నడుస్తున్నంతసేపూ పదమూడేళ్ళు నిండని పిల్లలు దానిని తొడుక్కునే ఉండాలని చట్టం. పెద్దవాళ్ళు కొందరు దానిని సీటు కింద దాచి కూర్చుంటారు. అది తెలివితక్కువ. చన్నీటిలో పడ్డ మొదటి నిమిషంలోనే మనిషి తనకు తెలియకుండా గట్టిగా ఎగపీలుస్తాడు. ఆ సమయంలో తల నీటిలో ఉంటే పీల్చేది గాలి కాదు. ఆ నిమిషం దాటినా, ఇంకో పది నిమిషాల్లో చేతులు కొయ్యబారతవి, ఎంత ఈత వచ్చినా పనికిరాదు. గాలికంటె నీరు మన ఒంటి వేడిని సుమారు ఇరవై అయిదు రెట్లు వేగంగా లాగేస్తుంది. టెక్సాస్‌లో శీతకాలపు ఉత్తరపు గాలి ఒక్కొక్కప్పుడు ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. పొద్దున చొక్కాతో తిరిగినవాడు మధ్యాహ్నానికి వణికిపోతాడు. అంత పెద్ద సరస్సు మీద అలలు ఊరుకుంటవా? వాతావరణం చూసుకోకుండా చేపల కోసం ఎవరూ వెళ్ళకూడదు, పట్టకపోతే కొంపలు మునగవు.

తెల్లవారింది. ఇప్పుడు ఆకాశం చూడాలి. చలికాలం టెక్సోమాకు గల్ పక్షులు వస్తవి. చారల చేపల గుంపు షాడ్‌లను కింది నుంచి తరిమి నీటి పైకి తెస్తుంది. పైన గల్ పక్షులు కాచుకుని ఉంటవి. పక్షులు ఒకచోట గిరగిర తిరుగుతూ మునుగుతూ ఉన్నవంటే దాని కింద చేపలు ఉన్నట్లే. పాపం షాడ్‌కు పైనా దయ్యమే, కిందా దయ్యమే.

పక్షులు లేకపోతే యంత్రం. పడవ అడుగునుంచి చిన్న ధ్వని పంపుతారు. అది నేలకో చేపకో తగిలి తిరిగి వస్తుంది. చన్నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1450 మీటర్లు పోతుంది. పంపిన ధ్వని సెకనులో యాభయ్యో వంతు కాలానికి తిరిగి వచ్చిందనుకోండి, చేప ఎంత లోతున ఉన్నది? కాగితం తీసి లెక్క కట్టండి. పోను రాను 29 మీటర్లు. కనక లోతు పద్నాలుగున్నర మీటర్లు.

షాడ్‌ను తొట్టిలోంచి చేతివలతో తీసి, గాలాన్ని దాని ముక్కు రంధ్రాల గుండా దూర్చుతారు. మొప్పలకు గాని వెన్నుకు గాని తగలకూడదు, తగిలితే ఈదలేదు. మూడడుగుల దారం, దాని పైన సీసపు గుండు. నిలువునా కిందికి దించుతారు. చారల చేప కళ్ళు పైకి చూసి వేటాడతవి గనక, ఎర దాని కంటె కొంచెం పైన ఆగాలి. కిందికి పోతే దానికి కనపడదు. తరువాత గాలపు కర్రను పడవ అంచున గుచ్చి కూర్చుంటారు.

ఎదురుచూడటం విసుగనుకుంటారేమో. కాదు. కర్ర కొనను చూస్తూ ఉండాలి. షాడ్ మామూలుగా ఈదుతున్నంతసేపూ కొన చిన్నగా ఊగుతుంది. ఉన్నట్టుండి అది గజగజ వణకటం మొదలుపెడుతుంది. పెద్ద చేప దగ్గరికి వచ్చింది! మనకు ఏమీ కనపడదు. కాని ముప్ఫై నలభై అడుగుల కింద ఆ చిన్న చేపకు తెలిసిపోయింది. మరుక్షణం కర్ర విల్లులా వంగిపోతుంది. గాలం లోపలికి వంపు తిరిగినదైతే లాగకూడదు. చేపే తిరిగి పోతున్నప్పుడు అది మూతి మూలకు తగులుకుంటుంది, కడుపులోకి పోదు.

ప్రాణమున్న చేపను గాలానికి గుచ్చటం జాలి లేని పని కాదా అని మీలో కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. జర్మనీలో, స్కాట్లండ్‌లో చట్టం దీనిని ఒప్పుకోదు. అమెరికాలో చాలా చోట్ల ఒప్పుకుంటుంది. ఇష్టం లేనివాళ్ళు గల్ పక్షులు మునిగే చోట తళుకు బిళ్ళలు వేసి పట్టుకుంటారు. ఎర కావాలనుకునేవాళ్ళు కూడా కావలసినన్ని షాడ్‌లే పట్టాలని, ఊరికే తొట్టి నిండా పోసి చంపకూడదని నా అభిప్రాయం.

పట్టిన చారల చేపను వదలాలంటే కూడా చలికాలమే మేలు. పోరాడిన చేప ఒంట్లో, పరుగుపందెం పరుగెత్తిన మీ కాళ్ళలోలాగే, పులుపు పేరుకుంటుంది. అది తీరటానికి ప్రాణవాయువు కావాలి. వేసవి నీటిలో అది చాలక, వదిలిన చేపలు కూడా చాలా చస్తవి. చన్నీటిలో తోక విదిలించి పోతవి. వండుకునేవాళ్ళు మాత్రం చర్మం కింద ఎర్రగా ఉండే కండను గీసి తీసేస్తే నీచు తగ్గుతుంది. పులుసుకు బాగుంటుంది. ఎంత పెద్దవి దొరుకుతవంటారా? ఉప్పునీటికి దూరంగా పట్టిన వాటిలో 2013లో అలబామా రాష్ట్రపు బ్లాక్ వారియర్ నదిలో దొరికిన చేప 69 పౌనులు దాటింది. అంటే 31 కిలోల పైమాటే. మీలో చాలామంది అంత బరువు ఉండరు!

తిరిగి రేవుకు చేరేముందు ఒక పని ఉన్నది. 2009లో టెక్సోమాలో జీబ్రా ఆల్చిప్పలు కనిపించినవి. టెక్సాస్‌లో అవి కనిపించటం అదే మొదలు. గోరంత ఆల్చిప్ప, దాని పిల్లలు కంటికి కనపడవు, బక్కెట్టు నీటిలో వేలకొద్దీ పడతవి. గొట్టాల లోపల అంటుకుని నీరు రాకుండా చేస్తవి. టెక్సోమా నుంచి ఊళ్ళకు మంచినీరు తోడేవాళ్ళు, ఇంకో చెరువుకు ఇవి పాకుతవేమోనని 2009లో తోడటం ఆపివేశారు. నీరు నేరుగా శుద్ధి కేంద్రానికి పోయేటట్లు కొత్త గొట్టం వేసుకుని 2014లో గాని మళ్ళీ తోడలేదు. అదే 2014 నుంచి టెక్సాస్ అంతటా పడవలోని నీరు, ఎర తొట్టిలోని నీరు అక్కడే పారబోసి గాని బయలుదేరకూడదని నియమం పెట్టారు. అందుకని ఎంత చలి అయినా, వేళ్ళు కొంకర్లు పోతున్నా, తొట్టి బిరడా తీసి చివరి చుక్క దాకా ఖాళీ చేస్తారు. మిగిలిన షాడ్‌లను అంతకుముందే, పట్టిన సరస్సులోనే వదిలేస్తారు. ఆ రోజుకు అవి బతికిపోయినట్లే.